స్టీమ్ డెక్ అమ్మేయాలా? అమ్మే ముందు ఇవి మార్చి చూడు

తమ్ముడూ, అమ్మొద్దు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కారణాలకి వస్తాను.

నువ్వు రాసిన దాని సారాంశం ఇదీ: మీ బావ డాలస్ నుంచి వస్తూ స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ (వాల్వ్ కంపెనీ చేసే, చేతిలో పట్టుకుని పీసీ ఆటలు ఆడుకునే మెషీన్) తెచ్చాడు. నీకు బాగా ఇష్టమైన సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్ ఎక్కించావు. రెండు గంటలు కూడా ఆడకముందే ఛార్జింగ్ అయిపోతోంది, ఫ్యాన్ మోత మోగుతోంది, మణికట్లు లాగుతున్నాయి, అక్షరాలు చదవలేకపోతున్నావు. అవే ఆటలు నీ గేమింగ్ లాప్‌టాప్‌లో ఇంతకంటే అందంగా నడుస్తున్నాయి కాబట్టి దీన్ని అమ్మేసి మంచి మానిటర్ కొనుక్కోవాలా అని అడిగావు. పీఎస్‌పీ రోజుల నుంచి నా ఆటంతా ఎక్కువగా చేతిలో పట్టుకునే మెషీన్ల మీదే సాగింది, నువ్వు చెప్పిన ఇబ్బందులు నాకు బాగా తెలుసు. లాప్‌టాప్ ముందు కూర్చుని ఆడే పద్ధతిలోనే డెక్ మీద కూడా ఆడుతున్నావు, చిక్కంతా అక్కడే వచ్చింది. దీనికి వేరే సమయాలు, వేరే సెట్టింగ్స్, కొంతవరకు వేరే ఆటలు కావాలి. అవి కుదిరాక లాప్‌టాప్ ఎప్పటికీ ఇవ్వలేని సుఖం ఇందులో ఉంటుంది.

బ్యాటరీ లెక్కతో మొదలుపెడతాను, ఎందుకంటే సగం చిరాకు అక్కడిదే. ఓఎల్ఈడీ డెక్‌లో ఉన్నది 50 వాట్ అవర్ బ్యాటరీ (2022లో వచ్చిన పాత ఎల్‌సీడీ మోడల్‌లో 40). ఆటకి ఏ పరిమితీ పెట్టకపోతే చిప్ తనకి వీలైనంత, అంటే 15 వాట్ల దాకా లాగేస్తుంది. స్క్రీన్, వైఫై, ఫ్యాన్ కలుపుకుంటే మొత్తం మెషీన్ 22 నుంచి 25 వాట్లు తాగుతుంది. 50ని 25తో భాగిస్తే రెండు గంటలు, నీకు వస్తున్నది సరిగ్గా అదే, కాబట్టి నీ బ్యాటరీ పాడైందేమో అన్న టెన్షన్ వద్దు. అదే హేడీస్ లాంటి ఆటకి 60 ఫ్రేమ్స్ పరిమితి (తెర మీద సెకనుకి 60 బొమ్మలు మించకుండా) పెట్టి వెలుతురు సగానికి తగ్గించావంటే మొత్తం 9, 10 వాట్ల దగ్గర తిరుగుతుంది, ఐదు గంటలు హాయిగా వస్తుంది. అదే మెషీన్, అదే బ్యాటరీ.

ఇప్పుడు నేను అందరికీ మొట్టమొదట చెప్పే సెట్టింగ్. కుడివైపు కింద మూడు చుక్కల బటన్ నొక్కితే పక్కన మెనూ వస్తుంది, అందులో బ్యాటరీ బొమ్మ ఉన్న పేజీలో ఫ్రేమ్ లిమిట్ అని ఉంటుంది. బరువైన ఆటలకి దాన్ని 40 లేదా 45 దగ్గర పెట్టు. 60 లేకపోతే ఆటేంటి అని నెట్‌లో చాలామంది అంటారు కానీ లెక్క చూడు. 30 ఫ్రేమ్స్ అంటే ఒక్కో బొమ్మ తెర మీద 33.3 మిల్లీసెకన్లు ఉంటుంది, 60 అంటే 16.7. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నది 25 మిల్లీసెకన్లు, అది 40 ఫ్రేమ్స్ దగ్గర వస్తుంది. అంటే 30 నుంచి 40కి ఎక్కితే చాలు, 60లో ఉండే నునుపులో సగం దూరం వచ్చేసినట్టే. 60కి చేరాలంటే మాత్రం చిప్ ఇంకా సగం పని అదనంగా చెయ్యాలి. నీ ఓఎల్ఈడీ స్క్రీన్ 90 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 90 సార్లు బొమ్మ మార్చేదాకా వెళ్తుంది కాబట్టి 45 పెడితే ఒక్కో ఫ్రేమ్ రెండేసి సార్లు చూపిస్తూ ఎక్కడా తడబడకుండా నడుస్తుంది. 35కీ 60కీ మధ్య ఊగిసలాడే ఆట కంటే నిలకడగా 40 ఉన్న ఆట చేతికి ఎంతో బాగుంటుంది, ముఖ్యంగా ఎల్డెన్ రింగ్‌లో, అక్కడ రోల్ కొట్టే టైమింగ్ మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది కదా. నిజం చెప్పాలంటే ఆ ఆట డెక్ మీద బయట మైదానాల్లో 40 కూడా అన్నిచోట్లా పట్టదు. గ్రాఫిక్స్ మీడియం, లో కలిపి పెట్టి చూడు, అప్పటికీ జారిపోతుంటే మొహమాటం లేకుండా 30కి లాక్ చెయ్యి.

సైబర్‌పంక్‌లో అయితే గ్రాఫిక్స్ మెనూలోనే స్టీమ్ డెక్ అని ఒక ప్రీసెట్ (ముందే కుదిర్చిన సెట్టింగ్స్) ఇచ్చారు, దాంతో మొదలుపెట్టు. నీ లాప్‌టాప్‌లో పెట్టిన రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల్ని నిజంలా లెక్కగట్టే బరువైన గ్రాఫిక్స్) వగైరా ఇక్కడ మర్చిపో. 7.4 అంగుళాల తెర, 1280 బై 800 రిజల్యూషన్, ఇంత చిన్న తెర మీద నీడలు హైలో ఉన్నాయా మీడియంలో ఉన్నాయా అని కనిపెట్టడం చాలా కష్టం. ఫ్రేమ్ లిమిట్ ఉన్న మెనూలోనే టీడీపీ లిమిట్ (చిప్ ఎన్ని వాట్ల దాకా లాగొచ్చో పెట్టే హద్దు) కూడా ఉంటుంది, 3 నుంచి 15 వాట్ల దాకా. 2డీ ఆటలకి దాన్ని 5, 6 దగ్గర పెడితే ఫ్యాన్ శబ్దమే వినపడదు. ఆటకో ప్రొఫైల్ అనే స్విచ్ మాత్రం ముందే ఆన్ చేసుకో, అప్పుడు స్టార్డ్యూ వ్యాలీకి పెట్టిన 5 వాట్లు సైబర్‌పంక్‌కి అంటుకోవు. ఇవన్నీ ఒక్కో ఆటకి ఒకసారి పది నిమిషాలు కూర్చుని పెట్టుకో, ఆ తర్వాత ఆ మూలన కనిపించే ఫ్రేమ్ నంబర్ల పట్టీ ఆపెయ్. అది కళ్ల ముందు ఉన్నంతసేపు నువ్వు ఆట చూడవు, నంబర్లే చూస్తావు. చాలామందికి హ్యాండ్‌హెల్డ్ మీద విసుగు పుట్టించేది ఆ పట్టీయే అని నా గట్టి నమ్మకం.

ఇక దీని అసలు బలం, దాన్ని నువ్వు వాడుతున్నట్టు నీ ప్రశ్నలో ఎక్కడా కనపడలేదు: పైన ఉన్న పవర్ బటన్. ఆట మధ్యలో ఒక్కసారి నొక్కితే నిద్రలోకి వెళ్తుంది, మళ్లీ నొక్కితే కొద్ది సెకన్లలో అదే చోట, కత్తి ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండగా లేస్తుంది. లాప్‌టాప్ తెరిచి, స్టీమ్ (వాల్వ్ వాళ్ల ఆటల యాప్) వచ్చేదాకా ఆగి, ఆట లోడయ్యి, సేవ్ తెరుచుకునేసరికి మనకున్న ఇరవై నిమిషాల్లో పావు వంతు పోతుంది, అందుకే ఉద్యోగాల్లో పడ్డాక మన వాళ్లు చాలామంది ఆటలే మానేస్తారు. ఎల్డెన్ రింగ్‌లో పాజ్ లేదని అందరూ గోల పెడతారు, డెక్‌లో పవర్ బటనే పాజ్. అన్నానికి రమ్మని అమ్మ పిలిచింది, బటన్ నొక్కి లే. కాకపోతే ఆన్‌లైన్‌లో ఉండగా నిద్రపుచ్చితే లేచాక సర్వర్ లింకు తెగి మెనూకి తోసేస్తుంది, అందుకని ఆ ఆటని సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ ప్లేకి మార్చుకుని ఆడు. స్టార్డ్యూ వ్యాలీలో ఇంకో చిక్కు, రోజు ముగిసి పాత్ర పడుకుంటే తప్ప ఆట సేవ్ కాదు. ఆ రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. నువ్వు అమీర్‌పేట హాస్టల్ నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్తానన్నావు, ఎక్కిన దగ్గర్నుంచి దిగేలోపు ఒక రోజు వ్యవసాయం పూర్తవుతుంది, మధ్యలో ఎవరికైనా సీటిచ్చి లేవాల్సి వచ్చినా బటన్ నొక్కి సంచిలో వేసుకుంటే సాయంత్రం అక్కడి నుంచే కొనసాగించొచ్చు.

దీన్నిబట్టే ఆటల ఎంపిక కూడా మారుతుంది. నీకు ఇష్టమైన పెద్ద ఆటల్ని వదిలెయ్యమని అనడం లేదు, వాటికి ఏ పూట ఇవ్వాలో చూసుకోమంటున్నా. మెట్రోకి, లంచ్ బ్రేక్‌కి ముక్కలుగా తెగే ఆటలు కావాలి: హేడీస్‌లో ఒక రన్ (మొదటి నుంచి ఒక ప్రయత్నం) అరగంట అటూ ఇటూ, వాంపైర్ సర్వైవర్స్‌లో ఒక రౌండు చాలావరకు 30 నిమిషాలు, స్లే ది స్పైర్, బలాట్రో లాంటి కార్డ్ ఆటలైతే ఎక్కడ ఆపినా నష్టం లేదు, పైగా బ్యాటరీని అస్సలు కష్టపెట్టవు. ఓఎల్ఈడీ తెరలో నల్లటి చుక్క అంటే ఆరిపోయిన చుక్క, అది కరెంటు తీసుకోదు, అందుకే హాలో నైట్ లాంటి చీకటి ఆటలు దీని మీద అందంగానూ ఉంటాయి, పొదుపుగానూ ఉంటాయి. దాని తర్వాతి భాగం సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, దాన్ని లాప్‌టాప్‌లో అస్సలు మొదలుపెట్టకు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దీని మీదే ఆడు. చిన్నప్పుడు నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడిన తరం అయితే అదే సిరీస్‌లో 2024లో వచ్చిన ది లాస్ట్ క్రౌన్ వెయ్యి, అది డెక్‌లో 60 ఫ్రేమ్స్‌తో నీళ్లలా పారుతుంది. మన దేశపు ఆట కావాలంటే పుణేకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు చేసిన రాజీ ఉంది, 2020లో ముందు నింటెండో స్విచ్ మీదే విడుదల చేశారు, కోటలు, మెట్ల బావులు, తోలుబొమ్మల తరహాలో చెప్పిన కథ, రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది. పోరాటం కొంచెం మొరటుగా ఉన్నా చూడ్డానికి చాలా బాగుంటుంది.

ఇంకో మాట, ఒకప్పుడు పూర్తి చేసి పక్కన పెట్టిన ఇష్టమైన ఆటల్ని మళ్లీ ఆడటానికి ఇంతకంటే మంచి మెషీన్ లేదు. విచర్ 3 కథ నీకు తెలుసు, కంగారు లేదు, రాత్రి మంచం మీద వాలి ఒక ఊరికి వెళ్లి అక్కడి ఒక చిన్న క్వెస్ట్ చేసి పడుకోవచ్చు. కుర్చీలో కూర్చుంటే అలా ఆడబుద్ధి కాదు, పెద్ద తెర ముందు కూర్చున్నాక మెయిన్ కథ ముందుకి తొయ్యాలనే అనిపిస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లాంటి మౌస్ ఆటలకి కూడా డెక్‌లో రెండు టచ్‌ప్యాడ్లు ఉన్నాయి. మల్టీప్లేయర్ వేగానికి చాలవు కానీ క్యాంపెయిన్లకి సరిపోతాయి.

అక్షరాల సంగతి. స్టీమ్ బటన్ పట్టుకుని ఎల్1 నొక్కితే భూతద్దం వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది, ఇది చాలామందికి తెలియదు. చాలా ఆటల్లో యాక్సెసిబిలిటీ మెనూలో సబ్‌టైటిల్ సైజు విడిగా ఉంటుంది, మొదటి రోజే పెంచుకో. కొత్త ఆట కొనేముందు డెక్ వెరిఫైడ్ అనే ఆకుపచ్చ గుర్తు చూడు, ఆ పరీక్షలో అక్షరం ఎత్తు 1280 బై 800లో కనీసం 9 పిక్సెల్స్ ఉండాలనే నియమం ఉంది. పసుపు గుర్తు ఉన్నంత మాత్రాన వదిలెయ్యకు, చాలాసార్లు అది చిన్న అక్షరాల వల్లో, ఒకసారి కీబోర్డ్ తెరవాల్సి రావడం వల్లో ఇస్తారు. ప్రోటాన్‌డీబీ సైట్‌లో ఆ ఆట ఆడినవాళ్లు ఏ సెట్టింగ్‌తో ఎలా నడిచిందో రాస్తారు, నాకు గుర్తుల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

చేతుల నొప్పికి కారణం సూటిగా బరువే. ఇది 640 గ్రాములు. పాత పీఎస్‌పీ 280, నింటెండో స్విచ్ ఓఎల్ఈడీ కంట్రోలర్లతో కలిపి 420. కాబట్టి దీన్ని గాల్లో పట్టుకుని ఆడకూడదు, ఎప్పుడూ ఆడకూడదు. కూర్చుంటే ఒడిలో దిండు పెట్టుకుని మోచేతులు దాని మీద ఆనించు, పడుకుంటే మోకాళ్లు పైకి మడిచి తొడల మీద ఆనించు. వెనక ఉన్న నాలుగు బటన్లు ఖాళీగా వదిలేస్తున్నావేమో చూసుకో, పరుగు, రోల్, దూకడం వాటికి ఇచ్చేస్తే బొటనవేలు స్టిక్ మీద నుంచి కదలక్కర్లేదు, సగం నొప్పి అక్కడే తగ్గుతుంది. తుపాకీ ఆటలకి జైరో (మెషీన్ వంపుని పసిగట్టే సెన్సర్) ఆన్ చెయ్యి: కుడి స్టిక్ మీద వేలు ఆనినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టే ఆప్షన్ ఉంది, స్టిక్‌తో సుమారుగా గురి పెట్టి, చివరి మిల్లీమీటరు మెషీన్‌ని కొంచెం వంచి సర్దుకోవాలి. మొదటి రెండు రోజులు చెయ్యి వణుకుతున్నట్టు అనిపిస్తుంది. అలవాటయ్యాక జైరో లేకుండా సైబర్‌పంక్ ఆడలేవు.

లాప్‌టాప్‌లో ఇంకా బాగుంది కదా అన్నావు, అయితే ఆ లాప్‌టాప్‌నే వాడుకో. రెండూ ఒకే వైఫైలో ఉంటే డెక్‌లో ఆట పేజీలో ఇన్‌స్టాల్ బటన్ పక్కన ఉన్న బాణం నొక్కి లాప్‌టాప్ నుంచి స్ట్రీమ్ చేసుకోవచ్చు. ఆట అంతా లాప్‌టాప్‌లో నడుస్తుంది, డెక్ వీడియో చూపించి బటన్లు పంపుతుంది అంతే, కాబట్టి చల్లగా ఉంటుంది, బ్యాటరీ రెండింతలకు పైనే వస్తుంది. ఒక్కటే షరతు, లాప్‌టాప్‌ని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలుపు, డెక్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంచు. రెండూ వైఫై మీదే ఉంటే మధ్యమధ్యలో బొమ్మ గడ్డకడుతుంది. స్టీమ్ వాళ్ల స్ట్రీమింగ్ నచ్చకపోతే లాప్‌టాప్‌లో సన్‌షైన్, డెక్‌లో మూన్‌లైట్ వేసుకో, రెండూ ఉచితమే, నాకు ఆలస్యం ఇందులోనే తక్కువగా అనిపిస్తుంది. హాస్టల్ వైఫైలో పాతికమంది ఉంటారు కాబట్టి అక్కడ కుదరకపోవచ్చు, ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో చూడు.

ఫ్రెండ్స్‌తో వాలొరెంట్ ఆడొచ్చా అని చివర్లో అడిగావు. ఆడలేవు. దాని యాంటీ చీట్ (ఆటలో మోసాల్ని పట్టే సాఫ్ట్‌వేర్) విండోస్ లోపలి పొరల్లో కూర్చునే రకం, డెక్‌లో ఉన్నది లైనక్స్ అనే వేరే సిస్టమ్. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. ఏపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024 చివర్లో లైనక్స్‌ని ఆపేశారు. జీటీఏ ఆన్‌లైన్ అదే సంవత్సరం సెప్టెంబర్ నుంచి పోయింది, జీటీఏ 5 కథ మాత్రం హాయిగా ఆడుకోవచ్చు. అవన్నీ లాప్‌టాప్‌కి ఉంచెయ్. డెక్ మీద విండోస్ ఎక్కించమని సలహాలు వస్తాయి, ఎక్కించకు. ఇందాక చెప్పిన నిద్ర, ఫ్రేమ్ లిమిట్ సుఖం అంతా పోతుంది.

ఎండాకాలం ముందు ఒక ముఖ్యమైన విషయం. ఈ మెషీన్ 0 నుంచి 35 డిగ్రీల గది వేడిలో బాగా పనిచేస్తుందని వాల్వ్ వాళ్లే చెప్పారు. మనకి ఏప్రిల్, మేలో గదిలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. చిప్ 100 డిగ్రీలకి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, 105కి ఆగిపోతుంది. మధ్యాహ్నం పూట ఏసీ లేకపోతే బరువైన ఆటల జోలికి వెళ్లకు, టీడీపీ తగ్గించి చిన్న ఆటలు ఆడు. గాలి వెనక నుంచి లోపలికి వెళ్లి పైనుంచి బయటికి వస్తుంది, పరుపు మీద వెల్లకిలా పెట్టి ఆడితే ముక్కు మూసినట్టే. ఛార్జింగ్ పెట్టి బరువైన ఆట ఆడితే వేడి ఇంకా పెరుగుతుంది. కేసులో పెట్టేముందు నిజంగా నిద్రలోకి వెళ్లిందో లేదో ఒకసారి చూసుకో. సీల్ చేసినట్టుండే ఆ కేసులో ఆన్‌లో ఉండిపోతే మంచిది కాదు.

ఛార్జర్ అమెరికాదైనా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుంది, పిన్ను మార్చే చిన్న అడాప్టర్ చాలు, కన్వర్టర్ కొనమని షాపువాడు చెప్తే కొనకు. దీనికి కావాల్సింది యూఎస్‌బీ పీడీ (చాలా కంపెనీలకి ఉమ్మడిగా ఉండే ఛార్జింగ్) పద్ధతిలో 45 వాట్లు. ఫోన్ ఛార్జర్ మీద 67, 80 అని పెద్దగా రాసి ఉన్నా అది చాలాసార్లు ఆ కంపెనీ సొంత పద్ధతికే, డెక్‌కి పెడితే స్లో ఛార్జర్ అని మెసేజ్ వస్తుంది, అందుకే వెనక చిన్న అక్షరాల్లో 15 వోల్టులు 3 ఆంపియర్లు అని ఉందో లేదో చూడు. పవర్ బ్యాంక్‌కి కూడా ఇదే రూలు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, మార్పిడిలో కొంత పోగా డెక్‌ని సున్నా నుంచి సుమారుగా ఒకసారి నింపుతుంది, చిన్న ఆటలైతే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వెళ్లే రాత్రికి అది చాలు. విమానంలో అయితే అది చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో వెయ్యకూడదు.

ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఆడబోయే ఆటలన్నీ ఇంటర్నెట్ ఉండగా ఒక్కోసారి తెరిచి మూసి, తర్వాత స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టు. లేకపోతే సరిగ్గా సిగ్నల్ లేని చోట అప్‌డేట్ కావాలని మొండికేసే ఆటలు ఉన్నాయి. లాప్‌టాప్‌కీ డెక్‌కీ మారుతూ ఆడతావు కాబట్టి ఇంకో జాగ్రత్త: డెక్‌ని నిద్రపుచ్చి లాప్‌టాప్‌లో అదే ఆట తెరవకు. చాలా ఆటల్లో సేవ్ క్లౌడ్‌కి ఎక్కేది ఆట పూర్తిగా మూసినప్పుడే. మూసి, క్లౌడ్ గుర్తు చూసుకుని, అప్పుడు మారు. రెండు చోట్లా వేర్వేరు సేవ్‌లు తయారైతే ఏది ఉంచాలని అడుగుతుంది, తప్పు నొక్కితే ఒక రోజు ఆట పోతుంది.

డబ్బు కోణం నుంచి చూసినా, వాల్వ్ మన దేశంలో దీన్ని అధికారికంగా అమ్మడం లేదు, అంటే ఇక్కడ సర్వీసూ వారంటీ లేవు. కొనేవాడు అదే చెప్పి ధర కోసేస్తాడు. ఎప్పుడైనా మళ్లీ కావాలనిపిస్తే సికింద్రాబాద్ సీటీసీలోనో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఆన్‌లైన్‌లోనో దిగుమతి సరుకే కొనాలి, అసలు ధర కంటే బాగా ఎక్కువ పెట్టి. ఇక్కడ బిల్లుతో, వారంటీతో దొరికే ఏసుస్ ఆర్‌ఓజీ ఎలై లాంటి హ్యాండ్‌హెల్డ్‌లు ఉన్నాయి, ఎలై 2023లో 69,990 రూపాయలకి వచ్చింది, చిప్ కూడా బలమైనదే, కానీ నువ్వు పడుతున్న ఇబ్బంది బలం తక్కువై వచ్చింది కాదు కాబట్టి దానికి మారినా నీకు తేడా రాదు.

ఒక నెల ఇలా ఆడి చూడు. వచ్చే వారం రోజులు సైబర్‌పంక్ ముట్టుకోకుండా మెట్రోలో హేడీస్ ఒక్కటే పెట్టుకో, 60 లిమిట్, 7 వాట్లు, వెలుతురు సగం. నీ లాప్‌టాప్ మోడల్, ఇంట్లో రౌటర్ ఏదో కింద రాస్తే స్ట్రీమింగ్‌కి బిట్‌రేట్ (సెకనుకి ఎంత వీడియో డేటా పంపాలన్న సెట్టింగ్) ఎంత పెట్టాలో చెప్తాను.